ముంబయి పాత ఇండ్ల వెలిగోడలు: పరీక్షయు, పోషణయు

కామాటి యనగా తెలుగున మట్టిపని, రాతిపని, కట్టడపు పని చేయు కూలివాడు. ఆ మాట ముంబయి నగరమున ఒక పేటకు పేరై నిలిచియున్నది. 18వ శతాబ్ది చివర దీవుల నడుమ గట్లు వేసి, పల్లపు నేలలను పూడ్చిన పిమ్మట, నిజాము రాజ్యమునందలి తెలుగు సీమలనుండి వలసవచ్చిన పనివారు బెలాసిస్ రోడ్డునకు దక్షిణమున నివాస మేర్పరచుకొనిరి. వారి పేరుననే ఆ పేట కామాఠీపుర మైనది. 1860 దశకమున బొంబాయి కోటగోడలను తొలగించి నగరమును విస్తరించినప్పుడు గోడలెత్తిన చేతులలో ఈ కామాటుల చేతులును కలవు. తరువాత బట్టల మిల్లులు వెలసినవి. వానితోబాటు తెలంగాణపు జిల్లాలనుండి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి ప్రాంతములందు నిలిచిరి. మిల్లులు మూతపడినను ఇండ్లు మిగిలినవి. తాతలు కట్టిన తీరు ఇండ్లలోనే మనుమలు అద్దెకున్న కుటుంబములు నేటికిని అనేకములు కలవు.

ఆ ఇండ్లు నేడు ముసలివైనవి. ప్రతి వానకాలమునను ఎచ్చటనో ఒక వసారా విరిగిపడినదనియో, ఒక గోడ కూలినదనియో వార్త వినబడుచుండును. వినువారు దానిని దైవఘటన యని తలంతురు. కాని ఇల్లు అకస్మాత్తుగా కూలుట అరుదు. కూలుటకు ముందు అది ఏండ్ల తరబడి తన వెలిగోడపై ఆనవాళ్లు చూపుచుండును. ఆ ఆనవాళ్లను గుర్తించుట ఎట్లు, గుర్తించిన పిమ్మట చేయవలసిన దేమి, చేయవలసినవా రెవరు అను మూడు విషయములు ఈ వ్యాసమున వివరింపబడును.

కట్టడముల తీరు

ముంబయి పాత ఇండ్లు స్థూలముగా మూడు తీరులు. మొదటిది కలపచట్రపు ఇల్లు. టేకు కంబములు నిలిపి, వానిపై దూలము లెక్కించి, నడుమ సున్నముతో ఇటుకగోడ కట్టి, పైన మంగుళూరు పెంకులు కప్పిరి. ప్రతి అంతస్తునకు ముందువైపు పొడవైన వసారా. దానివెంట వరుసగా గదులు. ఒక చివర, లేదా వెనుక, అందరికిని ఉమ్మడిగా మరుగుదొడ్లు. ఇట్టి ఇంటినే చాల్ అందురు. కామాఠీపురము, గిర్‌గావ్, పరేల్ మున్నగు పేటలందు ఇవి విస్తారముగా కలవు.

రెండవది ఉక్కు దూలముల ఇల్లు. ఇందు కలప దూలములకు మారుగా ఉక్కు దూలములు వేసి, వాని నడుమ రాతిపలకలు పరచి, పైన ఇటుకముక్కలు సున్నము కలిపి దిమ్మిసకొట్టిరి. దీనిని లాదీ కోబా యని అక్కడి పనివారు వ్యవహరింతురు. మూడవది కడ్డీల కాంక్రీటు ఇల్లు. 1930 తరువాత సముద్రతీరమున మెరీన్ డ్రైవ్ వెంట వెలసిన మేడలు ఈ తీరువి. గుండ్రని వసారాలు, కిటికీలపై పలుచని ఛజ్జాలు వీనికి గుర్తు. ఇట్టి మేడలలో కొన్ని విక్టోరియా కాలపు భవనములతో కలిసి 2018లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినవి.

ఈ భేదము నెరుగుట ముఖ్యము. ఏలన ఒక్కొక్క తీరు ఇల్లు ఒక్కొక్క చోట చెడును. కలప ఇంట కంబపు మొదలును, గోడలో దూరిన దూలపు కొనయు చెడును. ఉక్కు దూలముల ఇంట దూలపు అడుగు రేకు తుప్పుపట్టును. కాంక్రీటు ఇంట ఛజ్జా, వసారా, వెలికి పొడుచుకొని వచ్చిన ప్రతి పలుచని భాగమును ముందు దెబ్బతినును. మూడింటికిని శత్రు వొక్కటే, అది నీరు.

నీరు చేయు పని

ముంబయి ఏటి సగటు వర్షపాతము 2,000 మిల్లీమీటర్లకు మించును. అందు అత్యధిక భాగము జూను మొదలు సెప్టెంబరు వరకుగల నాలుగు నెలలలోనే కురియును. 2005 జులై 26న శాంతాక్రూజ్ వద్ద ఒక్క దినమున 944 మిల్లీమీటర్లు కురిసెను. హైదరాబాదున ఏడాది పొడుగున కురియు సగటు వానకంటె అది ఎక్కువ. ఇట్టి వాన నిట్టనిలువుగా కురియదు. సముద్రపు గాలితో కలిసి గోడలను అడ్డముగా కొట్టును. కావున కప్పు ఎంత గట్టిదైనను వెలిగోడ సరిగా లేనిచో ఇల్లు తడియక మానదు.

నీరు గోడలోనికి ప్రవేశించు మార్గములు కొన్ని ప్రసిద్ధములు. మొదటిది పిట్టగోడ నెత్తి. దానిపై పూత పగిలినచో నీరు నిలువుగా గోడ గర్భమునకు దిగును. రెండవది ఛజ్జా గోడను కలియు మూల. మూడవది వాననీటి గొట్టము. గొట్టపు అతుకు వదలినచో ఏటేట నాలుగు నెలలు అదే చోట నీరు కారును. అచ్చట గోడపై పచ్చని పాచి చార కనబడును. నాలుగవది మరుగుదొడ్ల గొట్టము. వాననీరు నాలుగు నెలలు కారునేగాని, ఇది పండ్రెండు నెలలును కారును. కలప చాల్‌లలో మరుగుదొడ్ల పక్క కంబములే ముందుగా కుళ్లుటకు ఇదియే హేతువు. ముందువైపు గోడకు రంగు వేసి మురిసిపోవువారు వెనుకవైపు సందులోనికి పోయి తలయెత్తి చూడనిచో అసలు రోగము నెరుగజాలరు.

ఐదవ మార్గము మొక్క. కాకి, పిచ్చుక మున్నగు పక్షులు రావిపండ్లు, మఱ్ఱిపండ్లు తిని గోడమీద రెట్టవేయగా అందలి విత్తు పగులులో మొలచును. మొదట అది జానెడు మొక్క. చూచువారికి ముచ్చట గొలుపును. రావి గనుక పెరుకుటకు కొందరు వెనుదీయుదురు. మూడేండ్లలో దాని వేరు ఇటుకల సందున సున్నమును తొలగించుకొని లోనికి చొచ్చును. వేరు లావెక్కిన కొలదియు గోడ విచ్చును. విచ్చిన కొలదియు నీరు దిగును. నీరు దిగిన కొలదియు వేరు బలియును.

లోనికి పోయిన నీరు చేయు హాని కట్టడమును బట్టి మారును. కలపలో తేమ నూటికి 20 పాళ్లకు మించి నిలిచినచో బూజు పట్టి కుళ్లుట మొదలగును, చెదలును చేరును. పైకి రంగుతో నిండుగా కనబడు కంబమును మేకుతో పొడిచినచో పిండివలె లోనికి దిగును. సున్నపు గోడలో నీరు కదలినపుడు అందలి లవణములు కరిగి వెలికి వచ్చి, ఎండినపుడు తెల్లని పొడియై పేరుకొని పూతను పెచ్చులుగా రాల్చును.

ఉప్పుగాలియు, ఇనుమును

కాంక్రీటులో కడ్డీ తుప్పుపట్టకుండుటకు కారణము కాంక్రీటుకుగల క్షారగుణము. ఆ క్షారము కడ్డీచుట్టు మిక్కిలి పలుచని రక్షక కవచము నేర్పరచును. కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోనికి చొచ్చి క్షారగుణమును తగ్గించుచు వచ్చును. కడ్డీవరకు ఆ మార్పు చేరిననాడు కవచము నశించును. సముద్రతీరమున దీనికి తోడు ఉప్పు కలియును. ఉప్పులోని క్లోరైడు క్షారగుణము తగ్గకపోయినను కవచమును ఛేదింపగలదు.

కవచము పోయిన కడ్డీకి తేమయు గాలియు తగులగానే తుప్పు పుట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల స్థలము నాక్రమించును. చుట్టును బిగిసియున్న కాంక్రీటు ఆ ఒత్తిడికి ఓర్వలేక కడ్డీ వెంబడియే చీలును. మొదట వెండ్రుకవాసి గీత. పిదప ఎఱ్ఱని చార. పిదప తట్టినచో డొల్లశబ్దము. తుదకు పెచ్చు ఊడి కడ్డీ బయటపడుట. వరుస ఇదియే. నాలుగవ అంతస్తునుండి ఊడిన గుప్పెడు పెచ్చు వీధిన పోవువాని ప్రాణము తీయుటకు చాలును.

కడ్డీపై కాంక్రీటు ఎంత మందముండవలెనో భారతీయ ప్రమాణము 456 (2000 నాటి కూర్పు) నిర్ణయించియున్నది. సామాన్య పరిస్థితులలో 20 మిల్లీమీటర్లు చాలును. తీవ్రమైన పరిస్థితులలో 45, అతితీవ్రమైనచోట 50 మిల్లీమీటర్లు ఉండవలెను. పాతకాలపు పలుచని ఛజ్జాలలో అంత మందము వీలుకాదు. కావుననే అవి ముందుగా చెడుచున్నవి.

పోత ఇనుము కట్టడములకును ఈ బాధ తప్పలేదు. వాట్సన్ హోటలని పేరుపొందిన భవనమునకు చట్రమును 1860 దశకమున ఇంగ్లండులో పోతపోయించి ఓడపై తెచ్చి నిలిపిరి. తరువాత అది ఎస్ప్లనేడ్ మాన్షన్ అయినది. 2005లో దాని వెలిభాగము కొంత కూలి ఒకరు మరణించిరి. మిక్కిలి ప్రసిద్ధమైన భవనమైనను పోషణ కరవైనచో గతి ఇంతే.

పరీక్షావిధానము

వెలిగోడను ఏటికి మూడుమారులు చూడవలెను. ఏప్రిలు, మే నెలలలో ఒకమారు. అప్పుడు మరమ్మతునకు వ్యవధి యుండును. జూను నెలలో తొలి పెద్దవాన పడుచుండగా ఒకమారు. అప్పుడు నీరు ఎచ్చట కారుచున్నదో కన్నులారా తెలియును. వానలు వెనుకబట్టిన అక్టోబరున మరియొకమారు. అప్పుడు వాన చేసిన హాని లెక్కకు వచ్చును. చూచునప్పుడు నీరు పారు క్రమముననే పైనుండి క్రిందికి రావలెను. క్రింది అంతస్తులోని మరకకు కారణము సాధారణముగా పై అంతస్తున ఉండును.

సామాన్యుడు చేయగల పరీక్షకు పెద్ద సాధనములు అక్కరలేదు. కన్ను, ఒక చిన్న కొయ్యసుత్తి, దారమునకు కట్టిన గుండు, కొలబద్ద, ఒక పుస్తకము చాలును. మిద్దెపైనుండియు, ఎదుటి ఇంటి వసారానుండియు, వీధినుండియు గోడను నాలుగు వైపులను చూడవలెను. చేతికందిన చోట పూతను సుత్తితో మెల్లగా తట్టవలెను. గట్టి పూత కణకణ మనును, విడిపోయిన పూత డొల్లగా పలుకును. పైనుండి గుండు వ్రేలాడదీసినచో గోడ ఉబ్బినదో ఒరిగినదో తెలియును. అంతకు మించి ఎవరును వసారా అంచున నిలిచి క్రిందికి వంగిచూచుటగాని, పలుచని ఛజ్జాపై కాలుమోపుటగాని చేయరాదు. పైభాగములను పరీక్షించుట పరంజాపైనుండి శిక్షణగలవారు చేయవలసిన పని.

పగుళ్లను చదువుట ఒక విద్య. ఒక మిల్లీమీటరు వెడల్పునకు లోబడినది సన్నపు పగులు; రెండింటివరకు మధ్యమము; రెండుకు మించినది పెద్దది. కాని వెడల్పుకంటె దిశయు, కదలికయు ముఖ్యము. కిటికీ మూలనుండి ఏటవాలుగా సాగిన పగులు పునాది క్రుంగినదనియో, ద్వారముపై దూలము బలము తప్పినదనియో సూచించును. పైకప్పు క్రింద అడ్డముగా పోవు పగులు తరచుగా ఎండకు కప్పు వ్యాకోచించుటవలన కలుగును. పాతగోడకు క్రొత్తగోడ అతికినచోట నిలువు పగులు సామాన్యము. స్తంభము వెంట నిలువుగా, దూలము అడుగున పొడవుగా పోవు పగులు కడ్డీ తుప్పునకు గుర్తు, దీనిని ఉపేక్షింపరాదు.

పగులు నిలిచియున్నదా, పెరుగుచున్నదా యని తెలిసికొనుటకు సులువైన మార్గము కలదు. పగులునకు అడ్డముగా పలుచని గాజుపట్టీ నొకదానిని రెండువైపుల సిమెంటుతో అంటించి, ప్రక్కన తేది వ్రాయవలెను. గాజు పగిలినచో గోడ కదలుచున్నదని అర్థము. పగులు రెండు కొనలందును గుర్తులు పెట్టి తేది వేసినను కొంత తెలియును. ఈ వివరములన్నియు పుస్తకమున వ్రాసి, ఏటేట ఒకే చోటునుండి తీసిన ఛాయాచిత్రములతో పోల్చుచుండవలెను. ఒక్క ఏటి చిత్రము చెప్పలేని సంగతిని ఐదేండ్ల చిత్రములు ప్రక్కప్రక్కన ఉంచినచో చెప్పును.

ఇంజనీరు చేయు పరీక్షలు ఇంకను లోతైనవి. విరిగిన కాంక్రీటు అంచుపై ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసినచో క్షారగుణము మిగిలినచోట గులాబివన్నె తేలును, నశించినచోట రంగు మారదు. ఎగురు సుత్తితో పైపొర గట్టితనమును, శబ్దతరంగముల వేగముతో లోపలి పగుళ్లను అంచనా వేయుదురు. విద్యుత్పీడనమును కొలిచి కడ్డీ తుప్పుపట్టు సంభావ్యతను నిర్ణయింతురు. ఏ ఒక్క పరీక్షయు తనంతట తీర్పు కాజాలదు. అన్నిటిని కలిపి అనుభవజ్ఞుడు తీర్పు చెప్పవలెను.

పోషణ, మరమ్మతు

మరమ్మతులలో మొదటిది, చవుకయైనది, తరచుగా విస్మరింపబడునది తూముల శుద్ధి. మిద్దెపై ఆకులు, చెత్త, విరిగిన సామాను తొలగించి, నీరు తూమువైపు వాలునట్లు చూచి, గొట్టపు అతుకులు బిగించినచో సగము రోగము కుదురును. ఛజ్జా అంచు అడుగున సన్నని గాడి ఉండవలెను. నీరు ఆ గాడివరకు వచ్చి చుక్కగా క్రిందికి రాలును. గాడి పూడినచో గోడవరకు ప్రాకివచ్చును. రంగు వేయువారు ఆ గాడిని పూడ్చివేయుట పలుచోట్ల కనబడును.

మొక్కను పైపైన కోసిన ప్రయోజనము లేదు, మరల చిగిర్చును. లేతదైనపుడే వేరుతో పెరుకవలెను. వేరు ముదిరినచో ఆ చోట ఇటుకలను కొన్నిటిని విప్పి, వేరును పూర్తిగా తీసి, మరల సున్నముతో కట్టవలెను. బలిసిన వేరును లాగిపెరికినచో గోడయే వెంట వచ్చును. కావున అది మేస్త్రి చేయవలసిన పని. రావిని నరకుటకు మనసొప్పనివారు దానిని చిన్ననాడే తీసి నేలలో నాటవచ్చును.

సున్నపు గోడను సున్నముతోనే బాగుచేయవలెను. ఇది నేడు ఎక్కువగా మరువబడుచున్న సూత్రము. గానుగ సున్నము మెత్తనిది. గోడలోని తేమను వెలికి పోనిచ్చును. గోడ కొంచెము కదలినను తానును సర్దుకొనును. దానిపై సిమెంటు పూత దట్టముగా వేసినచో చూపునకు గట్టిగా ఉండును గాని, లోని తేమకు దారి మూసికొనిపోవును. సిమెంటు పూత సన్నగా పగిలినచోట నీరు లోనికి పోవును. పోయిన నీరు వెలికి రాదు. లోపలి కలప కుళ్లును, ఇటుక చివుకును. పైకి క్రొత్తగా కనబడు గోడ లోన గుల్లయగును. వానకాలమున కప్పుపై నీలిరంగు పరదాలు కప్పుట ముంబయి యందు ఆచారమైనది. అవి తాత్కాలికముగా మేలుచేయును. కాని వానలు వెలిసిన పిమ్మట తీసివేసి కలపకు గాలి తగులనీయనిచో హానియే చేయును.

తుప్పుపట్టిన కాంక్రీటుపై సిమెంటు మెత్తి రంగు వేయుట మరమ్మతు కాదు, రోగమును కప్పిపెట్టుట. మొదట పైభారమునకు ఊతకోలలు నిలుపవలెను. వదలిన కాంక్రీటునంతను కడ్డీ వెనుకవరకు చెక్కివేయవలెను. కడ్డీని మెఱయునంతవరకు శుభ్రపరచి, సన్నగిల్లినచో ఇంజనీరు చెప్పిన ప్రకారము క్రొత్త కడ్డీ జతచేసి, రక్షక లేపనము పూసి, తగిన గారతో నింపి, నియమితకాలము తడుపవలెను. అంతియేకాక, నీరు వచ్చిన దారిని మూయనిచో ఈ ప్రయాస యంతయు వృథా.

నివాసులు తామై కలిగించు కీడు కూడ కలదు. వసారాను మూసి గది చేయుట, ఇనుప జాలీలు బయటికి పొడిగించి పూలకుండీలు పేర్చుట, మిద్దెపై నీటి తొట్లు, ప్రకటన పలకలు నిలుపుట, చలియంత్రములను ఛజ్జాపై మోపుట, ఇవన్నియు కట్టినవాడు లెక్కింపని భారములు. కూలిన వసారాలను గూర్చి విచారించునపుడు ఇట్టి చేర్పులను గూడ లెక్కకు తీసికొనవలసియుండును.

బాధ్యత ఎవరిది?

ఇంత సులువైన పని ఏల జరుగుటలేదను ప్రశ్న సహజము. సమాధానము గోడలో లేదు. అద్దె పద్దులో నున్నది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టము 1940 సెప్టెంబరు 1న ఉన్న అద్దెను ప్రమాణముగా స్థిరపరచెను. యుద్ధానంతరపు కరవుకాలమున పేదలను ఇండ్లనుండి వెడలగొట్టకుండ ఆ చట్టము కాపాడెను. కాని దశాబ్దములు గడచినను అద్దె పెరగలేదు. కూలి, సున్నము, కలప ధరలు పెరిగినవి. యజమాని చేయి ముడుచుకొనెను. అద్దెదారు తనది కాని ఇంటిపై వ్యయము చేయుటకు జంకెను. ఇద్దరి నడుమ ఇల్లు అనాథ యైనది.

దీనికి విరుగుడుగా 1969లో మరమ్మతుల మండలి చట్టము వచ్చినది. 1976 నాటి గృహనిర్మాణ చట్టముతో ఆ బాధ్యత మ్హాడా యను సంస్థకు చేరినది. నగరపు దీవి భాగమున పాత ఇండ్లపై ప్రత్యేకపు పన్ను విధించి, మండలి ద్వారా మరమ్మతులు చేయించుట దీని పద్ధతి. మొదట ఈ లెక్కకు వచ్చిన భవనములు 19,642. అందు 1940 సెప్టెంబరునకు ముందు కట్టినవే 16,502. వానకాలమునకు ముందు మండలి తనిఖీ జరిపి, మిక్కిలి ప్రమాదకరమైన ఇండ్ల జాబితాను ఏటేట ప్రకటించుచున్నది.

ముప్పది ఏండ్లు నిండిన భవనములను ఇంజనీరుచే పరీక్ష చేయించవలెనని నగరపాలక చట్టము 353-బి విభాగము ఆదేశించుచున్నది. శిథిల భవనములను నగరపాలక సంస్థ తరగతులుగా విభజించును. సి-1 యనగా వెంటనే ఖాళీచేసి కూల్చవలసినది. సి-2ఏ యనగా ఖాళీచేసి, కొంత కూల్చి, పెద్ద మరమ్మతు చేయవలసినది. సి-2బి యనగా ఖాళీ చేయకయే కట్టడపు మరమ్మతు చేయవలసినది. సి-3 యనగా చిన్న మరమ్మతుతో సరిపోవునది. తమ ఇంటికి వచ్చిన తాఖీదులో ఏ అక్షరము, ఏ అంకె యున్నదో ప్రతి కుటుంబమును తెలిసికొని తీరవలెను.

1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము ఇంటిని బాగుగా ఉంచు బాధ్యతను యజమానిపై మోపినది. నోటీసు ఇచ్చి కనీసము పదునైదు దినములు గడచినను, తగిన కాలములో యజమాని మరమ్మతు చేయనిచో అద్దెదారులు తామే చేయించుకొని ఆ వ్యయమును అద్దెలో మినహాయించుకొనవచ్చును; కాని ఏటి అద్దెలో నాలుగవవంతునకు మించరాదు. నెలకు 200 రూపాయల అద్దె యనుకొన్నచో ఏటికి 2,400. అందు నాలుగవవంతు 600. ఆ మొత్తము పరంజా కట్టుటకైనను చాలదు. కాని ఇరువది కుటుంబములు కలిసినచో అది 12,000 అగును. తూములు శుద్ధిచేయుటకు, గొట్టములు అతుకుటకు, మొక్కలు తీయించుటకు కొంతవరకు సరిపోవును. చట్టమిచ్చిన హక్కు పెద్ద మరమ్మతునకు చిన్నది. పోషణకు మాత్రము పనికివచ్చునది.

2017 ఆగస్టు 31న భిండీ బజారులో కూలిన ఇంట 33 మంది మరణించిరి. ఆ ఇల్లు ప్రమాదకరమని ముందే తేలియున్నది. కొన్ని కుటుంబములు వెడలిపోయినను మరికొన్ని అందే నివసించుచుండెను. వారిని మొండివారని నిందించుట సులభము. ఇల్లు విడిచినచో హక్కు పోవునను భయము, దూరపు తాత్కాలిక నివాసములనుండి తిరిగి వచ్చుట ఎన్నటికో యను శంక, పనికిని బడికిని దూరమగుదుమను చింత, ఇట్టివే ఈ నగరమున పేదలను పగిలిన గోడల నడుమ బంధించి యుంచుచున్నవి. ఖాళీ చేయించునప్పుడు ఆ కుటుంబముల హక్కును వ్రాతపూర్వకముగా రక్షించుటయు గృహరక్షణలో భాగమే.

తక్షణము వెడలవలసిన సమయము

కొన్ని చిహ్నములు కనబడినపుడు ఇంజనీరు రాకకై ఎదురుచూడరాదు. గోడనుండి గాని, కప్పునుండి గాని మట్టి, సున్నపు పొడి ఎడతెగక రాలుట, నిన్న మూసికొన్న తలుపు నేడు బిగుసుకొనుట, పగులు గంటగంటకు వెడల్పగుట, స్తంభము ఉబ్బి పెచ్చులు రాల్చుట, కలప విరుగునట్టి చిటపట శబ్దము వినబడుట, ఇవి అట్టివి. అప్పుడు పిల్లలను, వృద్ధులను ముందుగా వెడలించి, సామానుకై వెనుదిరుగక, గోడ ఎత్తునకు మించిన దూరమున నిలువవలెను. ముంబయి నగరపాలక సంస్థ విపత్తు విభాగపు టెలిఫోను సంఖ్య 1916. దానిని ప్రతి ఇంటి తలుపు వెనుకను పెద్ద అక్షరములతో వ్రాసియుంచుట మంచిది.

ఉపసంహారము

పాత ఇండ్లన్నియు నిలువవు, నిలుపవలసినవియు కావు. కొన్ని పడగొట్టబడి వాని స్థానమున ఎత్తయిన మేడలు లేచును. కాని పునర్నిర్మాణము ప్రకటింపబడిన దినమునుండి క్రొత్త ఇంటి తాళము చేతికి వచ్చు దినమువరకు ఏండ్లు గడచును. ఆ నడిమికాలమున, ఎట్లును కూల్చెదరు గదా యని తూము కూడ శుద్ధిచేయరు. మిక్కిలి అపాయకరమైన కాలము అదియే. వేచియుండు ఇంటికే పోషణ ఎక్కువగా కావలెను.

ఈ విషయమున తెలుగు సంఘములు చేయదగిన పని కొంత కలదు. నగరపాలక సంస్థనుండియు మండలినుండియు వచ్చు తాఖీదులు మరాఠీలో ఉండును. మాటలో మరాఠీ వచ్చినను చదువరాని వృద్ధులు అనేకులు వానిని మడచి పెట్టెలో దాచుదురు. బడిలో మరాఠీ నేర్చిన మనుమడో మనుమరాలో ఆ కాగితమును చదివి, తెలుగున విడమరచి చెప్పినచో ఒక కుటుంబము సకాలమున మేలుకొనును. ప్రతి చాల్‌కు ఒక పుస్తకము పెట్టి, ఏటికి మూడుమారులు గోడలు చూచి, పగుళ్ల కొలతలు, తేదులు, తాఖీదుల సంఖ్యలు అందు వ్రాయించు భారమును ఒక్కొక్క పేటలో ఇద్దరు యువకులు పూనినను చాలును. అట్టి పుస్తకము ఇంజనీరునకు ఆధారమగును, కోర్టున సాక్ష్యమగును, యజమానికి ఇచ్చు నోటీసునకు బలమగును.

కామాటులు గోడ కట్టునపుడు వరుస వరుసకును గుండు వ్రేలాడదీసి చూచిరి. ఆ గోడ నీడన బ్రదుకువారు ఏటికి మూడుమారులు తలయెత్తి చూచుట అంతకంటె కష్టమైన పని కాదు.